ఒండ్రు ఒక్కసారే పలుకుతుంది

కొల్లేటి అడుగున ఉన్న బురదకు చెవులున్నాయని మా ల్యాబు పెద్ద భానుమూర్తి గారు మొదటిసారి అన్నప్పుడు ల్యాబులో నలుగురం ఉన్నాం. నలుగురమూ నవ్వాం. గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ బురదకేమిటి అనుకున్నాం. ఆయన నొచ్చుకోలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి, "చెవులే కాదు హైమా, నోరు కూడా ఉంది. అడగడం మనకు చేతకావాలి, అంతే" అన్నారు. తర్వాత నాలుగేళ్ళలో, నవ్విన నలుగురిలో ముగ్గురు మంచి ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. నేను మిగిలాను. నేను మొండిదాన్ని. పైగా ఏలూరు వదిలి వెళ్ళాలంటే నాకు బద్ధకం.

సంగతి ఇది. పొద్దు వాలే వేళ గాలి పడిపోతే కొల్లేరు కాసేపు కదలదు. ఆ కాసేపట్లో నీళ్ళలో తేలే సన్నటి ఒండ్రు మెల్లగా అడుక్కి దిగుతుంది. అప్పుడు పైన ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాటకు నీళ్ళు సన్నగా వణుకుతాయి, ఆ వణుకును బట్టి రేణువులు ఒక వరుసలో సర్దుకుంటాయి. మర్నాటి ఒండ్రు దానిమీద దుప్పటిలా పరుచుకుంటుంది. రోజంతా నిలవదు. ఏడాది మొత్తం మీద ఐదారు నిమిషాలు నిలిస్తే ఎక్కువ. కానీ ఆ ఐదారు నిమిషాలు అలాగే ఉంటాయి, ఎవరూ కదపకపోతే వెయ్యేళ్ళయినా.

భానుమూర్తి గారు చేసింది ఆ వరుసను చదివే సూది. పొడవాటి గొట్టం చివర అది సన్నగా మోగుతూ దిగుతుంది. మోతకు రేణువులు పట్టు వదులుతాయి, వదిలేటప్పుడు తామెలా పడుకున్నాయో చెప్పేస్తాయి. చెప్పాక ఇక వాటి దగ్గర ఏమీ ఉండదు. సూది చుట్టూ రెండెకరాల మేర అడుగంతా కలగాపులగం అయిపోతుంది. ఒక చోట ఒండ్రు ఒక్కసారే పలుకుతుంది. ఇంకోసారి అడగడం కుదరదు.

మొదట ల్యాబు వెనక సిమెంటు తొట్టిలో కొల్లేటి బురద, నీళ్ళు పోసి, ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం దాని పక్కన స్టూలు వేసుకుని నేను ఎక్కాలు చదివాను. వాచ్‌మన్ నాకు దిష్టి తీయించమని మా అమ్మకు కబురు పెట్టాడు. ఆరు నెలలకు సూది దింపితే నా గొంతే, పడిశం పట్టినట్టు, పదిహేడో ఎక్కం అప్పగించింది. పదిహేడు ఎనిమిదుల దగ్గర నేను తప్పు చెప్పాను, అది కూడా. ఆ పూట భానుమూర్తి గారు తొట్టికి దణ్ణం పెట్టారు. నేను నవ్వలేదు.

తర్వాత అసలు చోటు కోసం వెతికాం. కొల్లేట్లో చేపల చెరువుల కోసం తవ్వని చోటు దొరకడం కష్టం. పొక్లెయిన్ పన్ను తగిలిందంటే వెయ్యేళ్ళ మాటలు గట్టుమీద మట్టికుప్ప అయిపోతాయి. తిరగ్గా తిరగ్గా పిట్టలలంక దాటాక, కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య నాంచారయ్య మంచె కనబడింది. నాంచారయ్యకు యాభై ఏళ్ళుంటాయి. చేపల కాలంలో నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఆ మంచె మీదే భార్య కోటమ్మతో కాపురం. వాళ్ళ తాతల నాటి నుంచి ఆ చోట ఎవరూ పార వేయలేదు.

మేం చెప్పిందంతా అతను వల బాగుచేసుకుంటూ విన్నాడు. కొత్త సంగతి విన్నవాడిలా లేడు.

"అయితే ఏ నాటి మాటలండీ అయి?" అన్నాడు.

"పైన ఈ మధ్యవి. కిందికి పోయేకొద్దీ పాతవి. అట్టడుగున పదకొండు వందల ఏళ్ళ కిందటివి" అన్నారు భానుమూర్తి గారు.

"ఆరేళ్ళ కిందటియ్యి?"

"అవి చాలా పైనే ఉంటాయి. బెత్తెడు లోతు కూడా ఉండదు."

నాంచారయ్య వల పక్కన పెట్టాడు. కోటమ్మ మంచె మీద నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళకు అలివేలు అని ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. వానలు, ఎదురుగాలి, దోనె ఏలూరు కాలవ చేరేసరికి ఆలస్యమైంది. అది ఆరేళ్ళ కిందటి మాట. అంతకు ముందు మూడు చేపల కాలాలు ఆ పిల్ల ఈ మంచె మీదే ఉంది. సాయంత్రం అయ్యేసరికి అంచున కాళ్ళు వేలాడేసుకుని, బళ్ళో తను నేర్చుకున్న పాఠాలన్నీ గూడబాతులకు చెప్పేదట. వినని పక్షిని నిలబెట్టి తిట్టేదట కూడా.

"ఫొటో ఒకటుందండి. గొంతే లేదు" అన్నాడు నాంచారయ్య. "మా ఆడది రోజూ గుర్తు సేసుకుంటది. మొన్నీమజ్జన, గొంతు సరిగ్గా గుర్తు రాటం లేదు మావా అంది. అది సెప్పి రెండు రోజులు ముద్ద ముట్టలేదు."

అతను చోటు ఇచ్చాడు. ఒకటే షరతు. అలివేలు గొంతు ముందు వాళ్ళమ్మకు వినిపించాలి, ఆ తర్వాత మేం దాంతో ఏం చేసుకున్నా సరే. మాట ఇవ్వడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. కొల్లేటి నీళ్ళు దోసిట్లో పట్టి, లంకల దేవత పెద్దింట్లమ్మ పేరు చెప్పి, తిరిగి కొల్లేట్లోనే వదలాలి. భానుమూర్తి గారు పట్టారు. "మీరు కూడా అమ్మాయిగారూ" అన్నాడు నాంచారయ్య. నాకు ఒట్లంటే గిట్టదు. అయినా పట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

ఇక నా పని. రేణువులు చెప్పినదంతా నేను ఫైలులో రాయాలి. ఫైలంటే పొడవాటి వీధి అనుకోండి. మొదటి గుమ్మం దగ్గర నిన్నటి సాయంత్రం, వీధి చివర పదకొండు వందల ఏళ్ళ కిందటి సాయంత్రం. మధ్యలో ఏ రోజు కావాలన్నా మొదటి గుమ్మం నుంచి ఇన్ని అడుగులు వెయ్యి అని యంత్రానికి ఒక అంకె చెప్పాలి. సూది తిన్నగా దిగదు. రాయి తగిలితే లేస్తుంది, గుల్ల తగిలితే పక్కకు జారుతుంది, మళ్ళీ దిగుతుంది. అందుకని వచ్చిన ప్రతి ముక్కకూ, దాని లోతును బట్టి, వీధిలో దాని గుమ్మం దగ్గరికి గెంతి అక్కడ రాసేలా సి భాషలో ప్రోగ్రాం రాశాను. గెంతే దూరాన్ని దాచుకోడానికి అందులో ఒక పెట్టె ఉంటుంది. ల్యాబు యంత్రంలో ఆ పెట్టె ఎంత పెద్దదంటే, కొల్లేటి నుంచి భూమి నడిబొడ్డు దాకా చదివినా నిండదు.

ల్యాబు యంత్రం దోనె మీదికి పనికిరాదు, చెమ్మ తగిలితే పడకేస్తుంది. భానుమూర్తి గారి దగ్గర తడికి ఓర్చుకునే పాతది ఒకటుంది. దాని వ్యవస్థ వేరు, దాని కంపైలర్ వేరు. కంపైలర్ అంటే మనం రాసింది యంత్రానికి తెలిసేలా తిప్పి చెప్పే దుబాసీ. దూరం దాచే పెట్టె ఆ దుబాసీ దగ్గర సగం కొలతే. నేను రాసిన ప్రోగ్రాం అక్షరం మారకుండా అక్కడా ఎక్కింది, పరిగెత్తింది. కొలత మారిన సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి అది చెప్పలేదు.

కాదు, అది అబద్ధం. అది చెప్పింది. ఇక్కడ అంకె తెగిపోవచ్చు అని ఒక లైను వచ్చే ఉంటుంది. నేను చూడలేదు. ఆ కంపైలర్ అత్తగారిలా ప్రతిదానికీ సణుగుతుంది, ఒక్కోసారి నలభై లైన్లు. ఆ సణుగుడు భరించలేక హెచ్చరికలన్నీ ఆపేసి పెట్టుకోవడం ప్రోగ్రాంలు రాసే మా అందరికీ అలవాటు. పనిచేస్తోందిగా, ఇంకేం కావాలి అనుకుంటాం. పెట్టె కొలత యంత్రాన్ని బట్టి మారుతుందని నాకు తెలియదా అంటే తెలుసు. కాలేజీలో రెండు మార్కుల ప్రశ్న అది, రెండుకు రెండూ వచ్చాయి. దోనెలో పెట్టబోయే ముందు, అప్పుడు తొట్టి బురద చెప్పినదాన్నే దాంట్లో మళ్ళీ రాయించి పరీక్షించాను. ఆరు నెలల బురద, బుల్లి ఫైలు, బుల్లి అంకెలు. పదిహేడో ఎక్కం తప్పుతో సహా వచ్చింది. భేష్ అనుకుని సామాను కట్టేశాను.

మాఘమాసంలో పదకొండు రోజులు నీళ్ళమీద ఉన్నాం. ఆ పదకొండు రోజులు నా జీవితంలోకి ఎలా వచ్చాయో తెలియదు. పొద్దున్నే మంచు నీళ్ళను ముట్టుకుంటూ కదిలేది. కిక్కిస దుబ్బులు ఉన్నచోటనే ఉండి కూడా దగ్గరికి వచ్చినట్టుండేవి. రెండు దోనెలు కలిపి కట్టిన బల్లమీద సూది సన్నగా మోగుతూ దిగేది, ఆ మోత చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసేది. మేం ముగ్గురం తక్కువ మాట్లాడేవాళ్ళం. మాట్లాడితే ఒండ్రు వింటుందన్నట్టు గొంతు తగ్గించేవాళ్ళం, అది వినే చోటు ఇక లేదని తెలిసి కూడా.

అక్కడ గొంతులేవీ వినబడవు. తెరమీద ఆకుపచ్చ గీత ఒకటి వణుకుతుంది, అంతే. ఆ గీత మాటగా మారాలంటే ల్యాబులో వారాల తరబడి లెక్క కట్టాలి. మొదటిరోజు సూది బెత్తెడు కూడా దిగకముందే గీత చిందులేసింది. నాంచారయ్య దోనె నెట్టే గెడ పక్కన పడేసి వచ్చి తెరముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇదేనాండీ మా పిల్ల?"

"అయ్యుండొచ్చు."

"అల్లరి సూసారా" అన్నాడు. గీత నిదానించేదాకా లేవలేదు. నేనూ అతన్ని లేవమనలేదు.

కోటమ్మ మధ్యాహ్నం చిన్న దోనెలో అన్నం, చేపల పులుసు తెచ్చేది. తెర వైపు చూసేది కాదు. ఒకసారి నేనే పిలిచి చూపించబోతే తల అడ్డంగా ఊపింది. "గీతలు సూత్తే ఏం వత్తదండీ. ఇనేటప్పుడు ఇంటాను. కాసింత పులుసు పోసుకోండి" అంది. ఆవిడకు చిన్న కళ్ళు, ఎండకు ముడిచి ముడిచి అలాగే నిలిచిపోయినట్టు. నాకు ఆవిడంటే కొంచెం భయంగా ఉండేది.

ఆఖరి రోజు సూది అట్టడుగున ఇసుక తగిలి ఆగింది. భానుమూర్తి గారు యంత్రాన్ని తన కండువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా తెచ్చారు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని విసుక్కున్నారు.

ల్యాబులో మూడు వారాలు లెక్క నడిచింది. ఆ మూడు వారాలూ నేను ఇంటికి వెళ్ళి తిని పడుకున్నాను, బజారుకు వెళ్ళి అమ్మకు నడుము పట్టీ తెచ్చాను, పిన్ని కూతురి నిశ్చితార్థంలో వడ్డించాను. ఏం చేస్తున్నా అరికాళ్ళలో ఆ మోత ఉండేది. "ఎక్కడున్నావే నువ్వు" అని అమ్మ రెండుమూడుసార్లు అడిగింది. కొల్లేటి అడుగున అని చెప్తే కంగారు పడుతుందని ఊరుకున్నాను.

మాట సిద్ధమైన రోజు పొద్దున, భానుమూర్తి గారు స్నానం చేసి ఉతికిన చొక్కాతో వచ్చారు. నేను ఏడేళ్ళ కిందటి గుమ్మానికి అంకె ఇచ్చాను. అలివేలు బతికి ఉన్న సాయంత్రం. ఇద్దరం హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాం.

నీళ్ళు. తెడ్డు నీళ్ళను తోసే చప్పుడు. చాలా దూరంగా ఆడవాళ్ళు ఏదో దంచుతున్నారు, ఒకరి తర్వాత ఒకరు, మధ్యమధ్య ఊపిరి వదులుతూ. తర్వాత ఒక మగమనిషి నాలుగు మాటలన్నాడు. తెలుగే. తెలుగేనని తెలుస్తోంది గానీ మాట చేతికి అందడం లేదు, కలలో ఎవరో మనతో మాట్లాడితే అర్థమైనట్టే ఉండి లేచాక చెప్పలేకపోతామే, అలా. భానుమూర్తి గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మోటారు లేదు హైమా" అన్నారు చివరికి. "మైకు లేదు. ఏడేళ్ళ కిందటి కొల్లేట్లో ఒక్క మోటారు పడవ చప్పుడన్నా లేకుండా ఉంటుందా? ఆ మనిషి అన్నమాట విన్నావా? ఆ క్రియ చివర ఆ ప్రత్యయం రాతి శాసనాల్లో తప్ప లేదు. ఇది ఇప్పటిది కాదు. ఇది వెయ్యేళ్ళది."

ఆయనకు అది పండగ. నేను తెర వైపు తిరిగాను. వెయ్యేళ్ళ మాట వీధి చివర ఉండాలి, మొదటి గుమ్మం దగ్గరకు ఎలా వచ్చింది? ఫైలు పొడవు చూశాను. సూది చదివిన లెక్క ప్రకారం ఐదు వందల పది కోట్ల అడుగులు ఉండాలి. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల దగ్గర ఆగిపోయి ఉంది. ఆ అంకె మా వృత్తిలో ఎవరికి చూపించినా మొహం మాడిపోతుంది. సగం కొలత పెట్టెలో పట్టే అంకెలు అక్కడితో సరి.

ఆ అంకెలో సగం దాటినప్పటి నుంచే పెట్టె దూరాన్ని సున్నాకు తక్కువ అంకెగా చూపించింది, గెంతులు విఫలం అవుతూ వచ్చాయి. సూది వరుసగా దిగుతోంది కాబట్టి రాత ఉన్నచోటు నుంచే సాగిపోయి అంతా బాగున్నట్టే కనబడింది. గెంతావా లేదా అని యంత్రాన్ని ఒక్కసారైనా అడిగితే లేదని చెప్పేది. నేను అడగలేదు. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లు దాటాక అంకె పై కొస తెగిపోయింది. మిగిలింది మళ్ళీ ఒకటి, రెండు, మూడు. యంత్రం బుద్ధిగా వీధి మొదటికి వచ్చి, అక్కడ అప్పటికే రాసి ఉన్నదాని మీద వెయ్యేళ్ళ కిందటి సాయంత్రాలు రాసుకుంటూ పోయింది. మొదటి గుమ్మం వైపు నూట డెబ్భై ఏళ్ళు ఆ కింద పడి చెరిగిపోయాయి. ఆ నూట డెబ్భై ఏళ్ళలో అలివేలు కూర్చున్న మూడు చేపల కాలాలు ఉన్నాయి. ఒండ్రు తన వంతు చెప్పింది. నాంచారయ్య గొంతుక్కూర్చుని చూసిన గీత ఆ పిల్లదే. మేం దాన్ని అందుకున్నాం, పదిరోజులు దగ్గర పెట్టుకున్నాం, పదకొండో రోజు నా ప్రోగ్రాం చెరిపేసింది.

సరిదిద్దడానికి ఎంతసేపు పట్టిందో చెప్తాను. నాలుగు నిమిషాలు. ఏ కంపైలర్ దగ్గరైనా ఒకే కొలతలో ఉండే పెద్ద పెట్టె వాడటం, ఒక్కో వ్యవస్థకు ఆ పెద్ద అంకెతో గెంతే తీరు వేరుగా ఉంటుంది కాబట్టి దేనికి తగ్గది దానికి రాయడం, గెంతాక జవాబు అడగడం. పది లైన్లు మించలేదు. రెండు యంత్రాల్లోనూ సరిగ్గా నడిచింది. హెచ్చరికలు ఆన్ చేసి చూశాను. ఒక్కటి కూడా లేదు. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను.

భానుమూర్తి గారు నా వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. ఆయన చెడ్డమనిషి కాదు. అందుకే ఆయన అన్నమాట నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఏడాదికి ఐదారు నిమిషాలే నిలుస్తాయి కదా. ఆ పిల్ల మాట అందులో పడకపోయి ఉండొచ్చు. ఒండ్రు పలకలేదని చెబుదాం. వాళ్ళు నమ్ముతారు."

"పలికింది సార్. మీరూ చూశారు."

"చూశాను. వాళ్ళకు ఏది తేలికో అది ఆలోచిస్తున్నాను."

"మనకు ఏది తేలికో కూడా" అన్నాను. ఆయన చెయ్యి తీసేశారు.

తొమ్మిది రోజులు వెతికాను. లోతున సూది రాయి తగిలి లేచిన చోట్ల రాత పడక ఖాళీలు మిగిలి ఉంటాయి, ఆ ఖాళీల్లో పాతరాత బతికి ఉండవచ్చు. ఉన్నాయి, మొత్తం కలిపి పద్నాలుగు సెకన్లు. రెండు సెకన్లు మోటారు పడవ. ఎక్కడో పెళ్ళి మైకు ముక్క. గూడబాతు రెక్కలు దులుపుకోవడం. మనిషి గొంతు లేదు. వెతుకుతున్నప్పుడే, పైన పడిన వెయ్యేళ్ళ రాతలో, ఒక పిల్ల గొంతు దొరికింది. నలభై సెకన్లు ఉంది. భానుమూర్తి గారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. చిన్న ప్లేయర్లో వేసి సంచిలో పెట్టుకున్నాను.

పిట్టలలంకకు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన వస్తానన్నారు గానీ నేనే వద్దన్నాను. నాంచారయ్య ఉతికిన పంచె కట్టుకుని రేవులో నిలబడి ఉన్నాడు. దోనె లంక దాటి కిక్కిసలోకి వచ్చాక చెప్పాను. ఏమీ దాచలేదు. వీధి, గుమ్మం, పెట్టె, అన్నీ చెప్పాను. తప్పు నాదని చెప్పాను. చెప్తున్నంతసేపూ గెడ అదే వేగంతో పడుతూ లేస్తూ ఉంది. అయిపోయాక ఆగింది. దోనె తనంతట తను కొంతదూరం జారింది.

"మొదటిరోజు నే సూసింది?"

"అలివేలే."

అతను గెడకు అంటిన నాచు చేత్తో తుడిచాడు. నన్ను తిడితే బాగుండుననుకున్నాను. మనిషి తిట్టనప్పుడు మనం ఎక్కడ నిలబడాలో తెలియదు.

"మా ఆడదానికి సెప్పకండమ్మాయిగారూ" అన్నాడు. "పొద్దున్నే లేచి తలంటుకుంది. కొత్తకోక కట్టింది. ఇయ్యాల ఇంటానని లంకంతా సెప్పుకుంది. ఇప్పుడెల్లి లేదంటే అది తట్టుకోదు. ఆ పెట్టిలో ఇంకో పిల్లదేవన్నా గొంతుందా? ఎవురిదైనా సరే. ఆరేళ్ళయింది. పోల్చుకోలేదు."

ఉంది అన్నాను. అంత త్వరగా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నా సంచిలో ఆ ప్లేయర్ ఎందుకుందో అప్పుడు అర్థమైంది. భానుమూర్తి గారిని అంతలేసి మాటలన్న దాన్ని నేనే.

కోటమ్మ మంచె మీద చాప పరిచి పెట్టింది. ఆకుపచ్చ కోక, తడి ఆరని జుట్టు. నాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మిట్టమధ్యాహ్నం, కొల్లేరు తెల్లగా మెరుస్తూ ఎటు చూసినా అంచు లేకుండా ఉంది. హెడ్‌ఫోన్లు చెవులకు ఎలా తగిలించుకోవాలో చూపించి ప్లేయర్ నొక్కాను. నాంచారయ్య కింద దోనెలోనే ఉండిపోయాడు.

ఆవిడ మొహం చూడలేక నా చేతుల్లోని గ్లాసు చూస్తూ కూర్చున్నాను. నలభై సెకన్లు అంతసేపు ఉంటాయని నాకు తెలియదు. అయిపోయింది. ఆవిడ వాటిని చెవుల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మా పిల్ల కాదండి" అంది.

దోనెలో గెడ కింద పడిన చప్పుడైంది.

"మాది మాటకు ముందు గాలి పీల్సుకునేది. ఎంత సిన్న మాటకైనా. ఇన్నాళ్ళూ నాకది గుర్తు రాలేదు. ఈ పిల్ల పీల్సుకోటం లేదని ఇంటే గుర్తొచ్చింది." ఆవిడ గొంతులో కోపం లేదు. "మా పిల్లదేదీ?"

అప్పుడు రెండోసారి చెప్పాను. ఈసారి వీధీ గుమ్మమూ లేవు. చెయ్యి మీద చెయ్యి పెట్టి చూపించాను, మీ పిల్ల మాట మీద ఇంకొకరి మాట రాసేశానని, కింద ఏమీ మిగల్లేదని, మళ్ళీ అడగడానికి ఒండ్రు లేదని. ఆవిడ కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి.

"అయితే మట్టి దాసింది" అంది. "ఆరేళ్ళు దాసింది. మీరు తుడిసేసారు."

"అవునండి."

కిక్కిసలోంచి పక్షులు లేచి ఇంకోచోట వాలాయి. నాంచారయ్య మెల్లగా మెట్లెక్కి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, మా ఇద్దరి వైపూ చూడకుండా. మజ్జిగ నా చేతిలో వెచ్చబడింది. లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది గానీ దోనె వాళ్ళదే.

కోటమ్మ ఒళ్ళోని తీగను వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మరి ఈ పిల్లెవురండీ?"

"తెలియదండి. ఇక్కడే, ఈ చోటే ఉండేది. వెయ్యేళ్ళ కిందట."

"ఏమంటందో మీకు తెలిసిందా?"

"చాలా మాటలు తెలియవు. పాత భాష."

"మాటలు నాకూ తెలీలేదు. అమ్మా అంటంది కదండీ. అదొకటే మళ్ళీ మళ్ళీ అంటంది."

"అవునండి."

"ఎవురూ పలకలేదేం?"

"అక్కడితో అయిపోయింది. గాలి లేచి ఉంటుంది. ఆ తర్వాతది ఒండ్రు దాచుకోలేదు."

కోటమ్మ ఆలోచించింది. ఆలోచించి వాటిని మళ్ళీ చెవులకు తగిలించుకుంది, ఈసారి నా సాయం లేకుండా. "ఎయ్యండి" అంది.

వేశాను. ఆవిడ తల కొంచెం పక్కకు వంచి, పొయ్యి దగ్గర పనిలో ఉన్నవాళ్ళు వాకిట్లో పిల్ల కేకేస్తే వింటారే, అలా వింది. పిల్ల పిలిచేచోటు వచ్చిందని ఆవిడ మొహమే చెప్పింది. కొల్లేటి వైపు తిరిగి, అరవకుండా, అవతల ఉన్న మనిషికి అందేంత గొంతుతో, "వత్తన్నానమ్మా. ఇక్కడే ఉన్నా. వత్తన్నా" అంది.

నలభై సెకన్లు అయిపోయాయి. "ఇంకోసారి ఎయ్యండి" అంది.

నాంచారయ్య మొహం కండువాలో దాచుకున్నాడు. నేను మళ్ళీ నొక్కాను. పొద్దు వాలేదాకా పదకొండు సార్లు వేశాను. పదకొండు సార్లూ ఆవిడ పలికింది.